మారథాన్ ఆరంభ రేఖ: ఒక్క గుంపు నుంచి వేవ్‌ల దాకా

మహానగరాల మారథాన్‌లో వేలాది మంది ఒకే దారిలో 42.195 కిలోమీటర్లు పరుగెడతారు. అయితే అందరూ ఒకేసారి బయల్దేరరు. ముందుగా చక్రాల కుర్చీల పోటీదారులు, తర్వాత పేరుమోసిన రన్నర్లు, ఆ వెనక సామాన్యులు అంచెలంచెలుగా కదులుతారు. సామాన్యులను మళ్లీ వేగాన్ని బట్టి విడదీస్తారు. కొన్ని నిమిషాల తేడాతో వదిలే పెద్ద గుంపును వేవ్ అంటారు. వేవ్‌లో బ్యారికేడ్లతో వేరుచేసిన చిన్న గుంపు కోరల్. చొక్కాకు పిన్నులతో పెట్టుకునే బిబ్ మీది రంగు, అంకె, అక్షరం చూసి ఎవరు ఎక్కడ నిలబడాలో వాలంటీర్లు చెప్పేస్తారు. ఈ ఏర్పాటు ఏ ఒక్కరి ఆలోచనా కాదు. రోడ్డు ఇరుకుదనం, ఏటేటా పెరిగిన జనం, ఆడవాళ్ల పోరాటం, బూటు లేసుకు కట్టిన ఒక చిన్న బిళ్ల కలిసి నూరేళ్లకు పైగా దీన్ని తీర్చిదిద్దాయి. ఆ మార్పుల్లో ఎక్కువ భాగం అమెరికాలోని బోస్టన్‌లో కనిపిస్తాయి. మిగిలినవి న్యూయార్క్, లండన్ నగరాల్లో జరిగాయి.

మొదటి బోస్టన్ మారథాన్ 1897 ఏప్రిల్ 19న జరిగింది. నగరానికి పడమరన ఉన్న ఆష్‌లాండ్ ఊళ్లో, మెట్‌కాఫ్ మిల్లు దగ్గర మట్టిరోడ్డు మీద 15 మంది నిలబడ్డారు. అంతకు ముందు ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 100, 400 మీటర్ల పరుగులు గెలిచిన టామ్ బర్క్ బూటుకాలితో మట్టిలో గీత గీసి, వెళ్లమని కేక వేశాడు. ఆరంభ రేఖ అంటే అంతే. న్యూయార్క్ నుంచి వచ్చిన జాన్ మెక్‌డెర్మట్ 2 గంటల 55 నిమిషాల 10 సెకన్లలో గెలిచాడు. మారథాన్ దూరం 26 మైళ్ల 385 గజాలుగా స్థిరపడ్డాక, దానికి సరిపోయేలా 1924లో ఆరంభాన్ని హాప్‌కింటన్‌కు జరిపారు. అప్పటి నుంచి ఆరంభం ఆ ఊళ్లోనే. ఇప్పటికీ జనాభా 20 వేలు దాటని ఆ ఊరి ప్రధాన రహదారి రెండు వరుసల ఇరుకు రోడ్డు. బోస్టన్ మారథాన్‌లో ఆ తర్వాత వచ్చిన నిబంధనల్లో చాలావాటికి మూలం ఆ రోడ్డు వెడల్పే.

పదుల్లో, వందల్లో జనం ఉన్నంతకాలం ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. గెలుస్తామనుకున్నవాళ్లు ముందుకు వెళ్లేవారు, మిగిలినవాళ్లు వెనక ఉండేవారు. 1960ల చివర పరుగు అమెరికాలో సామాన్యుల వ్యాయామంగా మారడంతో ఆ సర్దుబాటు చెదిరిపోయింది. బోస్టన్‌కు పేరిచ్చేవాళ్లు వెయ్యి దాటేసరికి నిర్వాహకులు కంగారుపడ్డారు. 4 గంటల్లోపు పూర్తిచేయగలిగేలా సాధన చేసినట్టు చూపాలని 1970లో నిబంధన పెట్టారు. మరుసటి ఏడాదికే ఆ గడువు మూడున్నర గంటలకు తగ్గింది. జనాన్ని తగ్గించడమే అప్పటి ఉద్దేశం, వరుసలో పెట్టాలన్న ఆలోచన ఇంకా రాలేదు. రన్నర్ల నుంచి సమయం ఆధారాలు అడగడం మాత్రం అక్కడే మొదలైంది. తర్వాతి కాలంలో కోరళ్లను నిర్ణయించినవి ఆ ఆధారాలే.

బోస్టన్ తలుపు దగ్గరికి వేస్తున్న ఆ ఏడాదే న్యూయార్క్ తలుపు తెరిచింది. 1970 సెప్టెంబరులో సెంట్రల్ పార్క్ చుట్టూ జరిగిన మొదటి న్యూయార్క్ మారథాన్‌లో 127 మంది బయల్దేరితే 55 మంది పూర్తిచేశారు. ప్రవేశ రుసుము ఒక్క డాలరు. అంత చిన్న పందెం రెండేళ్లకే ఆరంభ సమూహాల చరిత్రలో మరువరాని ఘట్టానికి వేదికైంది.

అప్పటి దాకా అమెరికా అథ్లెటిక్స్‌ను నడిపిన అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ ఆడవాళ్లను మారథాన్‌కు రానివ్వలేదు. 1966లో బోస్టన్‌లో బాబీ గిబ్ ఆరంభ రేఖ దగ్గరి పొదల్లో దాక్కుని, మగవాళ్లు కదిలాక వాళ్లలో కలిసి పరుగెత్తింది. మరుసటి ఏడాది కాథ్రిన్ స్విట్జర్ తన పేరులోని పొడి అక్షరాలతో నమోదై బిబ్ సంపాదించింది. దారిలో ఒక నిర్వాహకుడు ఆమెను పట్టుకుని బయటికి లాగబోయిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. 1972లో బోస్టన్ ఆడవాళ్లను అధికారికంగా అనుమతించింది. ఎనిమిది మంది బయల్దేరగా నీనా కుసిక్ గెలిచింది. కానీ యూనియన్ ఒక మెలిక పెట్టింది. ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి బయల్దేరకూడదు, వాళ్ల ఆరంభం వేరుగా ఉండాలి. దాని ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1న న్యూయార్క్‌లో ఆడవాళ్లను మగవాళ్లకన్నా పది నిమిషాల ముందు వదలాలని నిర్ణయించారు.

తుపాకీ పేలింది. రేఖ దగ్గర ఉన్న ఆరుగురు ఆడవాళ్లు పరుగెత్తలేదు. అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయారు. యూనియన్ తీరును నిలదీసే అట్టలు పట్టుకుని పది నిమిషాలూ అలాగే ఉన్నారు. మగవాళ్ల తుపాకీ పేలగానే లేచి వాళ్లతోపాటే పరుగందుకున్నారు. పోటీలో మళ్లీ కుసిక్కే మొదట వచ్చింది. వాళ్ల సమయాలకు పది నిమిషాలు కలిపి నమోదు చేశారు. పత్రికల్లో వచ్చిన ఫొటోల ముందు ఆ నిబంధన ఎక్కువ కాలం నిలవలేకపోయింది. వేరే ఆరంభం అన్నది అక్కడ రోడ్డు సౌకర్యం కోసం పుట్టలేదు. నువ్వు ఈ పందెంలో భాగం కావు అని చెప్పడానికి పుట్టింది. ఆరుగురు కూర్చున్నది అందుకే, వాళ్లు చేసింది సరైన పని.

1976లో న్యూయార్క్ మారథాన్ పార్కు దాటి నగరంలోని అయిదు బరోల, అంటే పాలనా విభాగాల, మీదుగా సాగింది. రెండు వేల మందికి పైగా పేరిచ్చారు. స్టాటెన్ ఐలండ్‌ను బ్రూక్లిన్‌తో కలిపే వెరజానో వంతెన ఆరంభ స్థలమైంది. ఈ నమూనా చూసి ముచ్చటపడిన బ్రిటన్ మాజీ రన్నర్ క్రిస్ బ్రాషర్, తన మిత్రుడు జాన్ డిస్లీతో కలిసి 1981 మార్చి 29న లండన్ మారథాన్ మొదలుపెట్టాడు. బెర్లిన్‌లో 1974 నుంచే, షికాగోలో 1977 నుంచీ పరుగులు జరుగుతున్నాయి. పదేళ్లలో వందలు వేలయ్యాయి, వేలు పదివేలయ్యాయి. వేగం రాసిన పలకలు రోడ్డు పక్కన నిలబెట్టి, ఎవరి వేగం దగ్గర వాళ్లు నిలబడండి అని నిర్వాహకులు కోరేవారు. రన్నర్ల నిజాయితీ తప్ప ఆ పలకలకు వేరే బలం లేదు. నిదానంగా పరుగెత్తేవాళ్లు ముందుకు చేరితే వెనక ఉన్న వేగవంతులు పక్కలకు వంకరటింకరగా తప్పుకుంటూ దూరమూ శక్తీ పోగొట్టుకునేవారు.

ఆరంభం ఎంత ప్రమాదకరమో 1987 బోస్టన్ చూపింది. జనం తోసుకురాకుండా రేఖ దగ్గర కట్టిన తాడును సమయానికి తీయలేదు. అంతకు ముందు ఏడాది విజేత, ఆస్ట్రేలియాకు చెందిన రాబ్ డి కాస్టెలా మొదటి అడుగుల్లోనే ఆ తాడుకు తట్టుకుని పడిపోయాడు. అదే ఉదయం వానకు తడిసిన హాప్‌కింటన్ పల్లంలో చక్రాల కుర్చీలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. బాబ్ హాల్ 1975లో చక్రాల కుర్చీలో బోస్టన్ పూర్తిచేసి ఆ విభాగానికి గుర్తింపు తెచ్చిన నాటి నుంచి వాళ్ల ఆరంభం ముందే ఉండేది. 1987 ప్రమాదం తర్వాత పల్లం దాటేదాకా వాళ్ల వేగాన్ని అదుపులో ఉంచే పద్ధతి వచ్చింది. ముందు వదలడంతోనే పని పూర్తికాదని, ఎలా వదలాలన్నదీ ఆలోచించాలని నిర్వాహకులకు తెలిసొచ్చింది.

ఆరంభ రేఖ దగ్గరి చిక్కు నిజానికి చిన్న లెక్క. ఇరుకు రోడ్డు మీద సెకనుకు 15 మంది రేఖ దాటగలరనుకుంటే 36,000 మంది దాటడానికి 2,400 సెకన్లు, అంటే 40 నిమిషాలు కావాలి. నిండిన చెరువులో ఎంత నీరున్నా తూము వెడల్పును బట్టే కాలువలోకి పారుతుంది. తుపాకీ పేలిన క్షణం నుంచే గడియారం మొదలైతే చివరివాడు ఒక్క అడుగు వేయకముందే 40 నిమిషాలు నష్టపోతాడు. అందుకే ముందు నిలబడాలని అందరూ తోసుకునేవారు. ఆ తోపులాటను బ్యారికేడ్లు పూర్తిగా ఆపలేకపోయాయి. ఆపింది చిప్.

నెదర్లాండ్స్‌లో తయారైన ఛాంపియన్‌చిప్ అనే బిళ్లను బూటు లేసులకు కట్టుకునేవారు. రేఖ మీద పరిచిన చాపలాంటి యాంటెన్నాను దాటిన క్షణంలో దాని సంఖ్య నమోదయ్యేది. బోస్టన్ నూరో మారథాన్ 1996లో జరిగినప్పుడు 38,708 మంది పేరిచ్చారు. చివరివాళ్లు రేఖ చేరేసరికి అరగంట దగ్గరపడింది. అయినా చిప్ పుణ్యమా అని ప్రతి ఒక్కరికీ తాము రేఖ దాటిన క్షణం నుంచే లెక్క దొరికింది. తుపాకీ నుంచి కొలిచేది గన్ టైమ్, రేఖ నుంచి కొలిచేది చిప్ టైమ్ లేదా నెట్ టైమ్. వెనక నిలబడితే పోయేదేమీ లేదని సామాన్య రన్నర్‌కు నమ్మకం కలిగాకే, గుంపులను గంట తేడాతో వదిలినా ఎవరూ అభ్యంతరం చెప్పని స్థితి వచ్చింది. తర్వాత చిప్ పల్చబడి బిబ్ వెనక అతికే పట్టీగా మారింది.

అయితే రెండు గడియారాలు రావడంతో కొత్త ప్రశ్న పుట్టింది. గెలుపును ఏ గడియారంతో నిర్ణయించాలి? అంతర్జాతీయ నిబంధనల ప్రకారం స్థానాలకు గన్ టైమే ప్రమాణం. పక్కపక్కన పరుగెత్తేవాళ్లలో ఎవరు ముందు చేరితే వాళ్లదే గెలుపు కావాలి, కంటికి కనపడని సెకన్లు దాన్ని తారుమారు చేయకూడదు అన్నది అందులోని న్యాయం. కానీ గుంపులు వేరుగా బయల్దేరితే ఆ పక్కపక్క అన్నదే ఉండదు. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక మహిళల మారథాన్‌లో పేరున్నవాళ్లను 20 నిమిషాలు ముందు వదిలారు. సామాన్యుల గుంపులో బయల్దేరిన ఒక ఉపాధ్యాయురాలు 2 గంటల 55 నిమిషాల 11 సెకన్లలో పూర్తిచేసింది. విజేతగా ప్రకటించిన మహిళ కన్నా అది 11 నిమిషాలు తక్కువ. మొదట ఆమెకు గెలుపు ఇవ్వలేదు. విమర్శలు వచ్చాక నిర్వాహకులు ఆమెను కూడా విజేతగా గుర్తించారు. అదే ఏడాది షికాగోలో కెన్యాకు చెందిన వెస్లీ కోరిర్ ప్రముఖుల కన్నా 5 నిమిషాలు వెనక సామాన్యులతో బయల్దేరి, సమయం ప్రకారం నాలుగో స్థానంలో నిలిచి, ఆ స్థానపు బహుమతి అందుకున్నాడు. 2012లో బోస్టన్ గెలిచింది ఇతడే. గుంపులు విడదీసే నిర్వాహకులు పోటీ ఎవరెవరి మధ్యో ముందే స్పష్టంగా ప్రకటించకపోతే తగవు తప్పదని ఈ రెండు సంఘటనలూ తేల్చాయి.

ఈలోగా ఆడవాళ్ల వేరే ఆరంభం మళ్లీ వచ్చింది, ఈసారి పూర్తిగా వేరే కారణంతో. కలిసి బయల్దేరినప్పుడు ముందున్న మహిళలు మగవాళ్ల గుంపుల్లో కనబడకుండా పోయేవారు. ప్రత్యర్థి ఎక్కడుందో వాళ్లకే తెలిసేది కాదు, టీవీలో చూసేవాళ్లకు అసలే తెలిసేది కాదు. పక్కన మగవాడు గాలికి అడ్డంగా పరుగెడితే ఆ సాయం ఒకరికి దొరికి మరొకరికి దొరకదు. బోస్టన్ 2004లో ప్రముఖ మహిళలను 29 నిమిషాలు ముందు వదలడం మొదలుపెట్టింది. 2003 లండన్‌లో పాలా రాడ్‌క్లిఫ్ 2 గంటల 15 నిమిషాల 25 సెకన్ల రికార్డు పెట్టినప్పుడు వేగం చూపేందుకు మగ పేసర్లు ఉన్నారు. తర్వాత అంతర్జాతీయ సమాఖ్య, మగవాళ్లతో కలిసి పరుగెత్తిన మహిళల రికార్డునూ మహిళలు మాత్రమే పరుగెత్తిన రికార్డునూ విడిగా నమోదు చేసే పద్ధతి తెచ్చింది. 1972లో అవమానంగా నిలిచిన ఏర్పాటే మూడు దశాబ్దాలకు గౌరవంగా మారింది. మహిళల పోటీ మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా వాళ్ల సొంతమైంది.

సామాన్యులకు వేవ్‌లు బోస్టన్‌లో 2006లో వచ్చాయి. మొదటి 10,000 మంది మధ్యాహ్నం 12 గంటలకు, మిగిలినవాళ్లు 12:30కు బయల్దేరారు. అర్హత సమయం ఎంత తక్కువైతే బిబ్ అంకె అంత చిన్నది, అంకె చిన్నదైతే నిలబడేది అంత ముందు. ఒక్కో కోరల్‌లో సుమారు వెయ్యి మంది. మరుసటి ఏడాది ఆరంభాన్ని ఉదయం 10 గంటలకు మార్చారు. 2011లో మూడో వేవ్ చేరింది. 2013లో ముగింపు రేఖ దగ్గర జరిగిన బాంబు దాడితో 5,000 మందికి పైగా దారిలో ఆగిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వెనక వేవ్‌లలో వచ్చినవాళ్లు, నిదానంగా పరుగెత్తేవాళ్లు. మరుసటి ఏడాది వాళ్లను తిరిగి రమ్మని పిలిచి, పరుగును 36,000 మందికి పెంచి, నాలుగో వేవ్ కలిపారు. ఎరుపు, తెలుపు, నీలం, పసుపు బిబ్‌లు వరుసగా ఆ నాలుగింటికి గుర్తుగా ఉండేవి. వేవ్‌లకు ముందు చక్రాల కుర్చీలు, చేతి సైకిళ్లు, ప్రముఖ పురుషులు, ప్రముఖ మహిళలు, పారా అథ్లెట్లు తలా ఒక సమయానికి వెళతారు. కోవిడ్ తర్వాత 2021 అక్టోబరులో జరిగిన పరుగుకు మాత్రం హాప్‌కింటన్‌లో వేచి ఉండడం లేకుండా, బస్సు దిగినవాళ్లు దిగినట్టే రేఖ దాటి వెళ్లిపోయారు. చిప్ లేని రోజుల్లో అది ఊహకే అందేది కాదు.

న్యూయార్క్ 2008లో వేవ్‌లకు మారింది. కానీ అంతకు చాలా ముందే ఆ నగరం గుంపులను కాలంతో కాకుండా చోటుతో విడదీసింది. వెరజానో వంతెనకు రెండు అంతస్తులున్నాయి. రెండు గుంపులు పై అంతస్తు మీద చెరో పక్క, ఇంకో గుంపు కింది అంతస్తులో పరుగెడతాయి. బ్రూక్లిన్‌లోకి దిగాక కూడా కొంత దూరం వేర్వేరు దారుల్లో సాగి, ఎనిమిదో మైలుకల్లా అందరూ ఒక్కటవుతారు. మూడు దారుల దూరం సమానంగా ఉండేలా ముందే కొలిచి గీస్తారు. లండన్‌లోనూ అదే ఉపాయం ఉంది. గ్రీనిచ్ పార్కులో ఎరుపు ఆరంభం, బ్లాక్‌హీత్ పక్క నీలం ఆరంభం. రెండు ప్రవాహాలు మూడు మైళ్ల దగ్గర వూలిచ్‌లో కలుస్తాయి. 2025 ఏప్రిల్‌లో లండన్‌లో 56,640 మంది పరుగు పూర్తిచేయగలిగారంటే దారీ కాలమూ రెండూ పంచుకోవడం వల్లే.

కోరల్ లోపల జరిగే పని చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. ముందు వరుసలో వాలంటీర్లు తాడు పట్టుకుని లేదా చేతులు కలిపి గోడలా నిలబడి, గుంపును నడిపిస్తూ రేఖ వైపు తీసుకొస్తారు. మధ్యలో ఆగుతారు, మళ్లీ కదులుతారు. ఫ్రాన్స్ భౌతికశాస్త్రవేత్తలు నికోలా బాయిన్, డెనీ బార్తోలో ఈ ఆగడం కదలడాన్నే షికాగో మారథాన్‌లో వీడియో తీసి పరిశీలించారు. వాలంటీర్లు కదిలిన సంగతి వెనకవాళ్లకు సెకనుకు దాదాపు 1.2 మీటర్ల వేగంతో అలలా చేరుతుందని, ప్రవహించే ద్రవానికి వాడే సమీకరణాలు ఈ జనానికీ సరిపోతాయని 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 120 మీటర్ల వెనక ఉన్న మనిషికి ముందువాళ్ల కదలిక తెలియడానికి ఆ లెక్కన 100 సెకన్లు పడుతుంది. జనాన్ని చిన్న కోరళ్లుగా విడదీసి, మధ్యలో ఖాళీ ఉంచి నడిపిస్తే ముందు ఒక్కసారిగా ఆగినా ఆ ఒత్తిడి చివరిదాకా పాకదు. నిర్వాహకులు అనుభవంతో పట్టుకున్న కిటుకుకు ఈ పరిశోధన కొలత ఇచ్చింది.

మన దగ్గర 2004లో మొదలైన ముంబయి మారథాన్ ఈ పద్ధతిని తీసుకుంది. గతంలో పరుగెత్తిన సమయానికి ధ్రువపత్రం అడిగి, దాన్ని బట్టి నిలబడే చోటు కేటాయిస్తారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో దూరాన్ని బట్టి ఆరంభ సమయాలు వేరు. ఫుల్ మారథాన్ వాళ్లు తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా నుంచి బయల్దేరి గచ్చిబౌలి స్టేడియం చేరతారు. బోస్టన్, బెర్లిన్, న్యూయార్క్ పరుగులకు వెళ్లాలనుకునే తెలుగు రన్నర్లకు ఇక్కడ సంపాదించిన ధ్రువపత్రం విలువైన కాగితం, అక్కడి వేవ్‌ను నిర్ణయించేది అదే. పేరు నమోదు చేసేటప్పుడు నిజమైన సమయమే రాయాలి. తక్కువ చెబితే తనకన్నా వేగంగా వెళ్లేవాళ్ల కాళ్ల కింద పడే ముప్పు, ఎక్కువ చెబితే మైళ్ల తరబడి జనాన్ని తప్పించుకునే శ్రమ. బోస్టన్‌లోనూ న్యూయార్క్‌లోనూ తనకిచ్చిన వేవ్ కన్నా వెనక వేవ్‌లో బయల్దేరవచ్చు గానీ ముందు వేవ్‌లోకి మారడానికి వీల్లేదు.